ఎత్తు ఎక్కువైన ప్లాట్‌ఫారం

మూతపడిన స్టేషన్లన్నిటికీ చరిత్ర రాయించి పెట్టాలని పెద్ద ఆఫీసులో ఎవరికో బుద్ధి పుట్టింది. మా స్టేషన్ చరిత్ర నన్ను రాయమన్నారు. చివరి స్టేషన్ మాస్టర్ని నేనే కాబట్టి అడిగారు గానీ నా రాతలో గొప్ప చూసి కాదు. ఫోన్ చేసినాయన మర్యాదస్తుడు. "ఒక పేజీ చాలండి. ఎందుకు కట్టారు, ప్రముఖులు ఎవరైనా దిగారా, చెప్పుకోదగ్గ సంఘటన ఏదైనా జరిగిందా, అంతే," అన్నాడు.

ప్రముఖులంటే, ఒకసారి ఒక మంత్రిగారి రైలు మా స్టేషన్లో ఆగకుండా వెళ్లింది. నేను ఇస్త్రీ బట్టలు వేసుకుని, జెండా పట్టుకుని, కడుపు లోపలికి లాక్కుని నిలబడ్డాను. ఆయన ఆ సమయానికి నిద్రపోతున్నాడని తర్వాత తెలిసింది. చెప్పుకోదగ్గ సంఘటన అంటే, మా టికెట్ గదిలో ఒక మేక ఈనింది. ఆ రోజు నేను సెలవులో ఉన్నాను. ఆ మాత్రం గౌరవం కూడా నాకు దక్కలేదు.

ఇంతే రాసి పంపితే పోస్టుకార్డు కూడా నిండదు. కానీ నోరు తెరిస్తే ఆపడం తెలియని మనిషిని నేను. పైగా అడక్క అడక్క అడిగారు. పేజీ దాటితే వాళ్ల ఖర్మ.

అసలు ఆ స్టేషన్ పుట్టుకే ఒక పొరపాటు. ఊరి అవతల గుట్టలో మంచి రాయి ఉందని ఎవరో చెబితే దానికోసం రైలు లైను వేశారు. పట్టాలు పడ్డాయి, స్టేషన్ గోడలు లేచాయి. అప్పుడు తేలింది, ఆ రాయి సుత్తి దెబ్బకు పొడి పొడి అయిపోతుందని. క్వారీ మూసేశారు. అప్పటికే తవ్విపోసిన రాయి కుప్పలుగా పడి ఉంది. దాన్ని మోయించి ఇంకోచోట పారబోయించడం దండగనుకుని కాంట్రాక్టరు అంతా తెచ్చి మా ప్లాట్‌ఫారంలో పోయించేశాడు.

దాంతో ఏమయిందంటే, ఆ లైను మీద చిన్న స్టేషన్లన్నిటిలో ప్లాట్‌ఫారం నేల మీద జానెడు లేస్తుంది, రైలెక్కాలంటే కమ్మీ పట్టుకుని ఎగబాకాలి. మా దగ్గర మాత్రం ప్లాట్‌ఫారం రైలుపెట్టె గడపకు సరిసమానంగా ఉండేది. వంటింట్లోంచి వసారాలోకి నడిచినట్టు రైల్లోకి నడిచిపోవచ్చు. ఇంజనీరు వచ్చి చూసి, ఎత్తు తగ్గించాలని చెప్పి వెళ్లాడట. తగ్గించేవాళ్లు మాత్రం రాలేదు. నేను చేరిన కొత్తలో లైను మీద అందరూ నన్ను "మేడ మీది మాస్టారు" అనేవాళ్లు. అది పొగడ్త అనుకుని చాలా కాలం మీసం దువ్వుకున్నాను.

ఇక మా అక్క సంగతి. నాకు పెళ్లి కాలేదు. ఎందుకు కాలేదో నన్ను అడగకండి, అక్కని అడిగితే నవ్వుతూ పూసగుచ్చినట్టు చెబుతుంది. స్టేషన్ పక్కనే రెండు గదుల క్వార్టరులో నేనూ అక్కా ఉండేవాళ్లం. చిన్నప్పుడు జ్వరమొచ్చి అక్కకు రెండు కాళ్లూ పడిపోయాయి. చేత్తో తిప్పుకునే మూడు చక్రాల బండిలో తిరిగేది. బట్టలు కుట్టేది. ఆవిడ కుట్టిన బడిపిల్లల చొక్కాలు టౌన్లో బట్టల కొట్టుకి వెళ్లేవి. ఎవరూ మోసుకెళ్లక్కర్లేదు, అక్కే తీసుకెళ్లేది. క్వార్టరు నుంచి ప్లాట్‌ఫారం పైకి, ఎప్పుడో రాళ్ల ట్రాలీ కోసం వేసిన వాలు ఒకటి ఉంది. ఆ వాలు మీద బండి తిప్పుకుంటూ ఎక్కి, రైలు రాగానే వెనక సామాను పెట్టె వెడల్పు తలుపులోంచి బండితో సహా లోపలికి వెళ్లిపోయేది. టౌన్లో పెద్ద స్టేషన్ కాబట్టి అక్కడా ఎత్తు సరిపోయేది. దిగి, కొట్టుకి వెళ్లి, సాయంత్రం రైల్లో తిరిగొచ్చేది. మా స్టేషన్‌కి రోజూ వచ్చే ప్రయాణికులు ఎవరని అడిగితే, మా అక్క.

"కొంచెం తోయనా అక్కా," అని వాలు దగ్గర చెయ్యి వేస్తే, "చెయ్యి తియ్యరా," అనేది. ఇంకేమీ అనేది కాదు. అది చాలు.

బస్సు లేక కాదు. ఊరి నడిమధ్యకు బస్సు వచ్చేది. ఒకసారి, లైను మరమ్మతులో ఉన్నప్పుడు, అక్క బస్సెక్కింది. ఎక్కింది అనకూడదు, ఎక్కించారు. కండక్టరు ఒక చంక, ఎవరో ముక్కూమొహం తెలియని ఆయన ఇంకో చంక పట్టుకుని బస్తాను లేపినట్టు లేపారు. బస్సులో అందరూ "అయ్యో పాపం" అన్నారట. బండిని పైన టాపు మీద తాళ్లతో కట్టారు. ఇంటికొచ్చాక అక్క బండిని మిషను దగ్గరికి తిప్పుకుంది. నేను టీ పెట్టి ఇచ్చాను, అది చల్లారిపోయింది. ఆఖరికి ఒకే మాట అంది. "ఇకమీదట నన్నెవరూ ఎత్తకూడదురా. అంతే."

అందుకని, ఈ స్టేషన్ మూసేస్తారట అన్న మాట నా చెవిన పడగానే నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. రైలు లేకపోతే అక్కకు గడప దాటే దారి లేదు. దాటాలంటే ఎవరో ఒకరు ఎత్తాలి. నా ఉద్యోగం పోయేది కాదు, ఎక్కడికో బదిలీ చేసేవాళ్లు. నా బెంగంతా అక్క గురించే. అని అప్పుడు అనుకున్నాను.

జనం ఎంతమంది ఎక్కుతున్నారు, ఎంతమంది దిగుతున్నారు చూసి రమ్మని పై ఆఫీసు ఒక ఇన్‌స్పెక్టర్ని పంపుతోందని కబురొచ్చింది. నా బుర్ర అప్పుడు పనిచేసింది. నా బుర్ర పనిచేసినప్పుడల్లా ఏదో ఒక కొంప మునుగుతుంది, అది నాకు తెలిసి కూడా ఆపుకోలేకపోయాను. ఊళ్లోకి వెళ్లి ఇంటింటి తలుపూ తట్టాను. మంగలిని, పిండిమర ఆయనని, బడి పంతులుగారిని, సైకిళ్లు బాగుచేసే ఆయనని, అందర్నీ బతిమాలాను. "ఆ ఒక్కరోజు రైలెక్కి టౌన్‌కి వెళ్లండి, ఏదో ఒక పని చూసుకుని రండి. స్టేషన్ నిలబడుతుంది," అన్నాను.

"టౌన్లో మాకేం పనండీ మాస్టారూ?" అన్నాడు మంగలి.

"అద్దం కొనుక్కో. నీ కొట్లో అద్దం చూస్తే మొహం రెండుగా కనిపిస్తోంది."

"అది నిజమేలెండి," అన్నాడు.

అక్క మాత్రం కుట్టుమిషను మీంచి తలెత్తకుండా, "ఒరేయ్, వాళ్లని ఎక్కించడం గురించే ఆలోచించావా, మిగతాది కూడా ఆలోచించావా?" అంది. మిగతాది ఏముంటుందో నాకు తట్టలేదు. "అన్నీ చూసుకున్నానులే," అన్నాను.

ఆ రోజు పొద్దున మా ప్లాట్‌ఫారం మీద జాతర. అంతమందిని నేను నా ఉద్యోగంలో ఎన్నడూ చూడలేదు. టికెట్ల మీద తేదీ గుద్ది గుద్ది నా బొటనవేలు నొప్పెట్టింది. పట్టాలు మార్చే పాయింట్స్‌మన్ హుషారుగా, గంట బదులు వేలాడదీసిన పట్టా ముక్కను ఎడాపెడా కొట్టి, ఇంకా రాని రైలును వచ్చేసిందనిపించాడు. ఇన్‌స్పెక్టరు బెంచీ మీద కూర్చుని చూస్తూ, "పర్లేదే, మీ స్టేషన్ బాగానే నడుస్తోంది మాస్టారూ," అన్నాడు. నేను నేలకు రెండు బెత్తలు పైన నడిచాను. రైలొచ్చింది, ఊరంతా ఎక్కింది, అక్క కూడా ఎప్పట్లాగే సామాను పెట్టెలో ఎక్కింది. ఎక్కుతూ నా వంక ఒక చూపు చూసింది. అది మెచ్చుకోలు అనుకున్నాను.

సాయంత్రం రైలు రోజూ ఆలస్యమే. ఆ రోజు కూడా ఆలస్యంగానే వచ్చింది. ఇన్‌స్పెక్టరు లేచి నిలబడ్డాడు. నేను గొంతు సవరించుకున్నాను. రైలు ఆగింది. సామాను పెట్టె తలుపు తెరుచుకుంది, అక్క బండి బయటికొచ్చింది. నేను మిగతా తలుపుల వంక చూశాను. అవి తెరుచుకోలేదు. రైలు వెళ్లిపోయింది.

"వాళ్లంతా ఏరండీ?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

సరిగ్గా అప్పుడే ఊరంతా వాలు ఎక్కి ప్లాట్‌ఫారం మీదికి వచ్చింది, నా పని ఏమయిందో కనుక్కుందామని. ముందు మంగలి, చంకలో కాగితం చుట్టిన కొత్త అద్దంతో.

"ఏం మాస్టారూ, పని అయిందా?" అన్నాడు నవ్వుతూ.

"మీరు పొద్దున రైల్లో వెళ్లినవాళ్లే కదూ?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"అవునండి. వచ్చేటప్పుడు బస్సులో వచ్చేశాం. భలే తొందరగా తెచ్చాడు. రైలుకోసం కూర్చుంటే ఎప్పటికి చేరేవాళ్లమండీ," అన్నాడు మంగలి. పిండిమర ఆయన, "బస్సులో సీటు కూడా మెత్తగా ఉంది," అని సాక్ష్యం చెప్పాడు. వాళ్లలో కొందరు అంతకుముందు బస్సెక్కి ఎరగరు. నా పుణ్యమా అని ఊరికి బస్సు అలవాటయింది.

నా తల కొట్టేసినట్టయింది. ఇన్‌స్పెక్టరు మంచివాడు, నవ్వు ఆపుకోవడానికి గడ్డం గోక్కున్నాడు. "మీ స్టేషన్ నుంచి వెళ్లేవాళ్లున్నారు గానీ, వచ్చేవాళ్లు లేరండీ. ఒక్కావిడ తప్ప," అన్నాడు. ఆ ఒక్కావిడ వాలు దిగి ఇంటికి వెళ్లిపోతోంది. ఇంటికెళ్లాక అన్నం వడ్డించి, "తిను," అంది. తిట్టినా బాగుండేదనిపించింది.

ఆ తర్వాత నేను అర్జీల మీద అర్జీలు పెట్టాను. పైవాళ్లకి, వాళ్ల పైవాళ్లకి, ఆ పైన ఎవరూ లేరని తెలిసేదాకా. ప్రతి అర్జీలోనూ అక్క గురించి రాశాను, కళ్లనీళ్లు పెట్టించేలా. అక్కకి చూపించలేదు. చూపిస్తే చింపేసేది. ఒక్కరూ జవాబివ్వలేదు. చివరికి ఫలానా రోజున పొద్దున రైలే ఆఖరి రైలు, ఆ సాయంత్రం నుంచి లైను మీద బళ్లు తిరగవు అని ఉత్తర్వు వచ్చింది. నేనే స్వయంగా సుద్దముక్క తీసుకుని, నా అందమైన అక్షరాలతో, బోర్డు మీద రాశాను. సాయంత్రం రైలు లేదు.

ఆఖరి రోజు ఇస్త్రీ బట్టలు వేసుకున్నాను. చొక్కా గుండీ ఒకటి ఊడిపోతే అక్క ముందురోజే కుట్టి పెట్టింది. పూలదండలూ ఉపన్యాసాలూ ఏమైనా ఉంటాయేమోనని లోపల చిన్న ఆశ ఉండేది. ఎవరూ రాలేదు. మంగలి దారిన పోతూ చెయ్యి ఊపాడు, బస్సుకి వేళయిందని.

అక్క వాలు ఎక్కి టికెట్ కిటికీ దగ్గరికి వచ్చింది. బండిలో ముందు ఎప్పుడూ ఉండే చొక్కాల మూటే కాకుండా, పాత దుప్పటి చుట్టిన బరువైనదేదో ఉంది. ఆఖరి రైల్లో సరదాగా ఒకసారి వెళ్తోంది కాబోలు అనుకున్నాను. నా చెయ్యి దానంతట అది టికెట్ల అరలోకి వెళ్లింది, రానూపోనూ టికెట్ తీసింది, తేదీ మిషన్లో గుద్దింది, కిటికీలోంచి బయటపెట్టింది. అక్కకి రానూపోనూ తప్ప ఇంకో టికెట్ నేనెప్పుడూ ఇవ్వలేదు.

అక్క టికెట్ అటూ ఇటూ తిప్పి చూసింది. "ఒరేయ్, సాయంత్రం రైలు లేదు కదరా. బోర్డు మీద రాసింది నువ్వే."

ఆ సంగతి నాకు తెలియదా అంటే తెలుసు. సుద్దతో రాశాను, ఉత్తర్వు చదివాను. కానీ అక్క వెళ్తే సాయంత్రానికి వస్తుందనేది నా బుర్రలో వేరే అరలో ఉంది. ఆ అర దాకా ఉత్తర్వు చేరలేదు.

"మరి ఎలా వస్తావు?" అన్నాను.

"రావడం లేదురా."

దుప్పటి కొస కొంచెం తొలగింది. లోపల కుట్టుమిషను తల. బట్టల కొట్టు వెనక గది అద్దెకు తీసుకుందట. మెట్లు లేవట, ముందు సిమెంటుతో వాలు పోయించుకుందట. అక్కడినుంచి కొట్టుకీ బజారుకీ ఎవరి సాయం అక్కర్లేకుండా తిరగొచ్చట.

"ఎప్పుడు తీసుకున్నావు?"

"మంగలి అద్దం కొన్న రోజునే. అతను అద్దం బేరమాడుతుంటే నేను గది బేరమాడాను."

"నాకు చెప్పలేదే."

"నువ్వు అర్జీలు రాసుకుంటూ ఎంత సంబరంగా ఉన్నావో చూశాను. చెప్పబుద్ధి కాలేదు."

నాకు ఒళ్లు మండింది, నా మీద నాకే జాలి కూడా వేసింది. రెండూ ఒకేసారి ఎలా జరుగుతాయో తెలియదు గానీ జరిగాయి. "నీకోసమే కదా అక్కా ఇదంతా చేశాను," అన్నాను.

"నాకోసమే అయితే, ఏం చేద్దామని నన్ను ఒక్కసారి అడగాల్సిందిరా," అంది. కోపంగా కాదు. మామూలుగానే అంది. తర్వాత, "నువ్వూ వచ్చెయ్. రెండు మంచాలు పడతాయి," అంది.

నేను రాలేను. స్టేషన్ సామాను, అంటే లాంతర్లు, జెండాలు, గంట, బెంచీ, స్టోర్సు వాళ్లొచ్చి తీసుకెళ్లేదాకా కాపలా ఉండాలని నాకు ఉత్తర్వు. ఆ మాట ఎంతో దర్జాగా చెప్పాను. అక్క నవ్వలేదు, అది ఆవిడ మంచితనం.

రైలొచ్చింది. అక్క చేతులతో చక్రం తిప్పుకుంటూ, పొరపాటున ఎత్తు ఎక్కువైన ఆ ప్లాట్‌ఫారం మీంచి రైల్లోకి వెళ్లిపోయింది. ఎవరూ చెయ్యి వెయ్యలేదు. నేను పచ్చజెండా పట్టుకుని నిలబడ్డాను. ఊపాలి. ఊపితే వెళ్లిపోతుంది. ఇన్నేళ్లలో నేను చేయగలిగిన పని అదొక్కటే, అది కూడా చేతకాలేదు. నాకు ఏడుపొచ్చింది, రైల్లోవాళ్లంతా చూస్తుండగా.

"మాస్టారూ, జెండా," అని డ్రైవరు కేకేశాడు. సామాను పెట్టె తలుపులోంచి అక్క, "ఊపరా, వెళ్లాలి," అంది. ఊపాను. మా స్టేషన్ నుంచి ఆఖరి రైలు ఆలస్యంగా బయలుదేరింది. కారణం, స్టేషన్ మాస్టరు.

తర్వాత నేను అలిగాను. ఎవరి మీద అలిగానో వాళ్లకి తెలిసే అవకాశం లేదు, అయినా శ్రద్ధగా అలిగాను. స్టోర్సు వాళ్లు రాలేదు. నేను ఎవరూ కూర్చోని బెంచీకి, ఎవరూ కొట్టని గంటకీ కాపలా కాశాను. నా రిటైర్మెంటు కూడా అందులోనే జరిగిపోయింది. అప్పటికి అన్నం ఉడికిందో లేదో చూసుకోవడం నేర్చుకున్నాను గానీ, ఎదురుగా ఎవరూ లేకుండా తినడం అలవాటు కాలేదు. ఒకరోజు చొక్కా గుండీ ఊడింది. దాన్ని జేబులో వేసుకుని బస్సు ఆగేచోటికి నడిచాను.

రైల్వేలో ముసలివాణ్ణయిన నేను బస్సెక్కడం అదే మొదలు. గంట కొడతారేమోనని చూస్తూ నిలబడ్డాను. బస్సు వచ్చింది. మెట్టు ఎక్కడో నా మోకాలి పైన ఉంది. నా మోకాలు ఎప్పుడో చెడిపోయింది, కానీ మా ప్లాట్‌ఫారం మీద ఉన్నంతకాలం ఆ సంగతి నాకు తెలియలేదు. ఒక కాలు పైన, ఒక కాలు కింద పెట్టుకుని అలాగే ఉండిపోయాను. వెనక జనం గోల. కండక్టరు దిగి, నన్ను చంకల్లో చేతులు వేసి లేపి లోపల పెట్టాడు. ముందు సీట్లో ఒకావిడ, "అయ్యో పాపం, పెద్దాయన," అంది. టౌన్ వచ్చేదాకా నేను కిటికీలోంచే చూశాను. ఏమీ కనిపించలేదు.

అక్క గది చిన్నది, శుభ్రంగా ఉంది. గడప లేదు. మిషను ఆపి, నన్ను చూసి, "ఎలా వచ్చావురా?" అంది.

"బస్సులో."

"ఎక్కగలిగావా?"

"కండక్టరు ఎత్తాడు."

అక్క నవ్వుతుందనుకున్నాను. నేనైతే నవ్వేవాణ్ణి. "ఊఁ," అని, నా చేతిలోంచి గుండీ తీసుకుని, సూదిలో దారం ఎక్కించుకుంది. దారాల కోసం సొరుగు లాగితే అందులో నేను ఇచ్చిన టికెట్ కనిపించింది. తిరుగు ప్రయాణం సగం.

"వాడని సగం స్టేషన్ మాస్టరుకి వాపసు ఇవ్వాలి. రూలు," అన్నాను, ఏదో ఒకటి అనాలి కాబట్టి.

"ఇవ్వను. నువ్వు అమ్మావు, నేను కొన్నాను. మళ్లీ రైలు వేస్తే నా అంతట నేనే వస్తా," అంది. దారం కొరికి సొరుగు మూసేసింది.

సాయంత్రం అక్క బస్సు దాకా వచ్చింది, తన బండిలో, తన వాలు మీంచి దిగి. బస్సు వచ్చింది. మెట్టు మళ్లీ అంతే ఎత్తులో ఉంది. నేను ఒక కాలు పెట్టి ఆగిపోయాను. కండక్టరు నా వైపు చేతులు చాచాడు. నేను అక్క వంక చూశాను.

అక్క బండి అటు తిప్పేసుకుంది, ఎదురుగా ఉన్న కొట్లో ఏదో చూస్తున్నట్టు. ఆ కొట్టు మూసి ఉంది.